ఏడాదిపాటు మూడు సరౌండ్‌లు పెట్టుకుని ఆడా

ఆన్‌లైన్ షూటింగ్ గేమ్, చివరి రౌండ్. మా టీమ్‌లో నేనొక్కడినే మిగిలా, అవతల కూడా ఒక్కడే. బాంబ్ పెట్టేశాం, నేను చెక్క పెట్టెల మధ్య నక్కి కూర్చున్నా, చచ్చిపోయిన మిగతా నలుగురూ నా స్క్రీనే చూస్తున్నారు. అడుగుల చప్పుడు వినపడింది, టక్ టక్ టక్ అని, చాలా క్లియర్‌గా. వెనక నుంచే వస్తున్నాడనుకుని గిర్రున తిరిగా. వాడేమో ఇందాక నాకు ఎదురుగా ఉన్న దారిలోంచే తాపీగా వచ్చి నా వీపులో కాల్చి బాంబ్ పేలకుండా ఆపేశాడు. "రేయ్, ముందున్నాడ్రా బాబూ, అంత గట్టిగా వినపడుతుంటే వెనక్కెందుకు తిరిగావ్!" అని చెవుల్లో ఒకటే గోల. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే నాకు నిజంగానే వెనక నుంచి వినపడింది.

ఒక్కసారైతే పోనీలే అనుకోవచ్చు, నాకిది రోజూ ఉండేది. కుడి ఎడమలు బాగానే తెలిసేవి, ముందా వెనకా అన్న దగ్గరే బొమ్మా బొరుసా. తప్పు హెడ్‌సెట్‌దే అని ఫిక్స్ అయిపోయా. యూఎస్‌బీ హెడ్‌సెట్ అది, బాక్స్ మీద 7.1 (చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక బేస్ స్పీకర్ ఉన్నట్టు వినిపించే సరౌండ్ అని అర్థం) అని అరచేతంత అంకె, పక్కన 50 ఎంఎం డ్రైవర్లు (కప్పులో ఉండే చిన్న స్పీకర్లు) అని ఇంకో లైను, రెండు కప్పుల మీదా రంగులు మారే లైట్లు (చెవుల మీద వెలిగే లైట్లు పెట్టుకున్నవాడికి ఎలా కనపడతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు). ఇంక కొత్తది కొనాల్సిందే అని నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని రివ్యూలు చదివా, గ్రాఫులు చూశా, ఇంపీడెన్స్ అంటే ఏంటో, డ్యాక్ అంటే ఏంటో, ఆంప్ లేకపోతే ఏ కొంపలు మునుగుతాయో అన్నీ చదివా, బ్రౌజర్‌లో ట్యాబ్‌లు ఎంత సన్నబడ్డాయంటే పేర్లు పోయి ఐకాన్లే మిగిలాయి.

అసలు సంగతి బయటపడింది వేరే పని మీద. నా మైక్ చిన్నగా వస్తోందని ఫ్రెండ్స్ అంటుంటే విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళా, అక్కడ స్పేషియల్ సౌండ్ దగ్గర విండోస్ సోనిక్ (హెడ్‌ఫోన్‌లో శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు చేసే విండోస్ సెట్టింగ్) ఆన్ చేసి ఉంది. ఎప్పుడు పెట్టానో గుర్తే లేదు. అనుమానం వచ్చి హెడ్‌సెట్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిస్తే అందులో వర్చువల్ 7.1 ఆన్. గేమ్ తెరిచి ఆడియో పేజీ చూస్తే అక్కడ హెచ్ఆర్‌టీఎఫ్ (శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిసేలా చేసే గేమ్ సెట్టింగ్) కూడా ఆన్. అంటే గేమ్ ఒకసారి దిశ లెక్కగట్టి పంపిస్తోంది, దాన్ని విండోస్ ఇంకోసారి తిప్పుతోంది, అలా తిప్పినదాన్ని హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ మూడోసారి తిప్పుతోంది. కళ్ళద్దాల మీద కళ్ళద్దాలు, వాటి మీద ఇంకో జత. విండోస్‌ది తీసేశా, హెడ్‌సెట్‌ది తీసేశా, గేమ్‌లోది ఒక్కటే ఉంచా. మొదట్లో సౌండ్ చప్పగా, చిన్న గదిలో ఇరుక్కున్నట్టు అనిపించింది, ఆ హాల్లో మోగినట్టుండే గుంయ్‌మనే ఎఫెక్ట్ పోయింది కదా, అది పోతే ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. రెండో మ్యాచ్‌లో మెట్ల దగ్గర ఎవడో రీలోడ్ చేసిన చప్పుడు వినపడింది, కొంచెం కుడివైపు, ముందు. చూస్తే అక్కడే ఉన్నాడు. ఆలోచించాల్సిన పనే పడలేదు.

ఏడాది. ఏడాదిపాటు అలా ఆడా.

అప్పుడు కూర్చుని ఇది అసలు ఎలా పనిచేస్తుందో సరిగ్గా చదివా. మనకున్నవి రెండే చెవులు, ఆ రెండిటితోనే పైనా కిందా ముందూ వెనకా అన్నీ పట్టేస్తున్నాం. కుడి ఎడమల సంగతి తేలిక: కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా. ఆ తేడా మహా అయితే 0.6, 0.7 మిల్లీసెకన్లు, అంతే, దాన్నే మెదడు పట్టేస్తుంది. పైగా మధ్యలో తల అడ్డం ఉంటుంది కాబట్టి అవతలి చెవికి కీచు శబ్దాలు తగ్గి చేరతాయి. కానీ సరిగ్గా ముందు నుంచి వచ్చినా సరిగ్గా వెనక నుంచి వచ్చినా రెండు చెవులకీ ఒకేసారి, ఒకేలా చేరుతుంది కదా, మరి తేడా ఎలా తెలుస్తుంది? చెవి డొప్పల వల్ల. ఆ మడతలు ఊరికే లేవు, ముందు నుంచి వచ్చిన శబ్దాన్ని ఒకలా, వెనక నుంచి వచ్చినదాన్ని ఇంకోలా, పై నుంచి వచ్చినదాన్ని మరోలా మార్చి లోపలికి పంపిస్తాయి, ముఖ్యంగా పైస్థాయి ఫ్రీక్వెన్సీల్లో. నమ్మకపోతే కళ్ళు మూసుకుని కూర్చుని ఇంట్లో ఎవరినైనా తాళాల గుత్తి ఒకసారి మీ మొహం ముందు, ఒకసారి నడినెత్తి మీద, ఒకసారి వెనక గలగలలాడించమనండి, అన్నీ కరెక్ట్‌గా చెప్పేస్తారు. తర్వాత వేళ్ళతో రెండు చెవి డొప్పలూ తలకి అదిమిపట్టుకుని, తల కదపకుండా మళ్ళీ ట్రై చేయండి. మా తమ్ముడు నా మీద ఈ ప్రయోగం చేస్తే నడినెత్తి మీద ఊపినదాన్ని మూడుసార్లూ ముందే అన్నా, వాడు పడీపడీ నవ్వాడు.

హెచ్ఆర్‌టీఎఫ్ అంటే ఈ చెవి డొప్పల పని, తల అడ్డం పని, ఆ మిల్లీసెకన్ల లెక్క అన్నీ కలిపి సాఫ్ట్‌వేర్‌లో చేయడం. దీనికోసం బొమ్మ తల చెవుల్లో మైక్‌లు పెట్టి కొలుస్తారు. 1994లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కీమార్ అనే బొమ్మ చుట్టూ 710 చోట్ల నుంచి శబ్దం చేసి రికార్డ్ చేసి పెట్టారు, ఆ డేటాని ఎవరైనా వాడుకోవచ్చని బయటికి కూడా ఇచ్చేశారు. ఇక్కడ ఉన్న తిరకాసేంటంటే బొమ్మ చెవి వేరు, మీ చెవి వేరు, నా చెవి వేరు. అందుకే ఒకే గేమ్‌లో ఒకే సెట్టింగ్ మీద ఒకడు అద్భుతం అంటాడు, ఇంకొకడు దరిద్రం అంటాడు, ఇద్దరూ నిజమే చెప్తుంటారు. మీకు గేమ్‌లోది పడకపోతే దాన్ని ఆపేసి, గేమ్ ఆడియోని 7.1కి పెట్టి విండోస్ సోనిక్ గానీ డాల్బీ అట్మాస్ ఫర్ హెడ్‌ఫోన్స్ గానీ డీటీఎస్ హెడ్‌ఫోన్ ఎక్స్ గానీ ఏదో ఒకటి పెట్టుకుని చూడండి. ఏదో ఒకటి. రెండు కాదు. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్‌లలో హెచ్ఆర్‌టీఎఫ్ గేమ్‌లోనే ఉంటుంది, ఓవర్‌వాచ్ 2016లో వచ్చినప్పుడే హెడ్‌ఫోన్స్ కోసం అట్మాస్ లోపలే పెట్టుకుని వచ్చింది, ఇలాంటి వాటికి బయటి నుంచి ఇంకోటి తగిలించకూడదు.

ఇదేమీ కొత్త టెక్నాలజీ కూడా కాదు, అదే నాకు ఒళ్ళు మండే విషయం. 90ల్లోనే ఆరియల్ అనే కంపెనీ ఏ3డీ అని చేసింది, 1998 నాటి హాఫ్-లైఫ్‌లో దానికి సపోర్ట్ ఉంది, గోడలకి తగిలి వచ్చే శబ్దం దాకా లెక్కగట్టేది. సౌండ్ కార్డులు చేసే క్రియేటివ్ వాళ్ళు ఆ కంపెనీ మీద పేటెంట్ కేసు వేశారు, ఆరియల్ 1999లో కేసు గెలిచింది, గెలిచి కూడా ఆ ఖర్చులకి దివాలా తీసింది, 2000లో దాని ఆస్తులు కొనుక్కున్నది మళ్ళీ క్రియేటివ్ వాళ్ళే. తర్వాత 2007లో విండోస్ విస్టా వచ్చి సౌండ్ కార్డుల్లో 3డీ లెక్కలు చేసే పాత దారి మూసేసింది. దాంతో చాలా ఏళ్ళు గేమ్స్‌లో ఈ విషయం పట్టించుకున్నవాడే లేడు, ఆ ఖాళీలోకే 7.1 అని అరచేతంత అంకె వేసుకున్న బాక్సులు వచ్చి కూర్చున్నాయి. వాటిలో ఎక్కువ భాగం లోపల ఉండేది చెవికొక డ్రైవరే, మిగతాదంతా సాఫ్ట్‌వేర్. నిజంగా చెవికి మూడు నాలుగు డ్రైవర్లు పెట్టినవి కూడా వచ్చాయి, కానీ అంత దగ్గర్లో చెవి పక్కనే నాలుగు పెట్టి వాటిని వెనక స్పీకర్, ముందు స్పీకర్ అంటే చెవి నమ్మాలి కదా.

సో, దిశ చెప్పాల్సింది గేమ్. హెడ్‌ఫోన్ చేయాల్సిందల్లా గేమ్ పంపినదాన్ని పాడుచేయకుండా చెవిలో పడేయడం, తలని నొక్కి చంపకుండా ఉండడం. ఇది బుర్రకెక్కాక కొనడం చాలా ఈజీ అయిపోయింది, నేను తెరిచిన ట్యాబ్‌లలో సగం మూసేశా.

తలని నొక్కి చంపడం గురించి చెప్పాలి, రివ్యూల్లో దీనికి ఒక్క లైన్ ఇస్తారు, అసలు ముందు చూడాల్సింది ఇదే. నాకు కళ్ళద్దాలున్నాయి. ఆ పాత హెడ్‌సెట్ పెట్టుకుంటే అద్దాల కాడ మీద ప్యాడ్ వచ్చి కూర్చునేది, గంట దాటాక చెవి పైన, కణత వెనక ఒక్కచోట సూదితో గుచ్చుతున్నట్టు ఉండేది, ఆట అయ్యాక అద్దాలు తీసి చూసుకుంటే అక్కడ ఎర్రగా గాడి పడి ఉండేది. ఇంకో సంగతి, కాడ వల్ల ప్యాడ్‌కీ చర్మానికీ మధ్య సన్న సందు ఏర్పడుతుంది, క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్‌లో (కప్పు వెనక మూసి ఉండేవి) ఆ సందులోంచి బేస్ అంతా కారిపోతుంది. చేత్తో రెండు కప్పులూ కొంచెం అదిమి చూడండి, బేస్ ఒక్కసారి పెరిగితే మీకూ అదే సమస్య. సన్న కాడలున్న అద్దాలు వాడినా, మెత్తటి వెలోర్ (మఖమల్ లాంటి గుడ్డ) ప్యాడ్స్ ఉన్నవి తీసుకున్నా చాలావరకు తగ్గుతుంది. రెక్సిన్ లాంటి నకిలీ లెదర్ ప్యాడ్స్ అయితే చెమట పట్టి పట్టి ఏడాదికో ఏడాదిన్నరకో పొట్టు రాలడం మొదలెడతాయి, నల్లటి చిన్న చిన్న పొరలు చెవుల్లో, మెడ మీద, దిండు మీద, నేనైతే ఒకరోజు వీడియో కాల్‌లో చెంప మీద అది అంటించుకుని అరగంట మాట్లాడా, ఎవరూ చెప్పలేదు. కాబట్టి ప్యాడ్స్ ఊడదీసి మార్చుకునే వీలుందా, అవి విడిగా దొరుకుతాయా అన్నది కొనేముందే చూసుకోండి. ప్యాడ్ మారిస్తే సౌండ్ కూడా మారుతుందన్నది గుర్తుంచుకుని ఒరిజినల్‌కి దగ్గరగా ఉన్నవే తీసుకోండి. బరువు కూడా చూడాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ 240 గ్రాములు, ఆడిజ్ మాక్స్‌వెల్ 490 గ్రాములు, సౌండ్ పరంగా రెండోది ఎంత పొగిడినా తక్కువేనంటారు, కానీ నా మెడ సంగతి నాకు తెలుసు.

ఓపెన్ బ్యాకా క్లోజ్డ్ బ్యాకా అన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది, మీ గేమ్‌ని బట్టి కాదు. ఓపెన్ అంటే కప్పు వెనక జాలీ ఉంటుంది, శబ్దం లోపల కొట్టుకోకుండా బయటికి పోతుంది, అందుకే విశాలంగా అనిపిస్తుంది, చెవులు కూడా అంత ఉడికిపోవు. కానీ మీ గేమ్ పక్కవాళ్ళకి వినపడుతుంది, పక్కవాళ్ళ టీవీ మీకు వినపడుతుంది. విడిగా గది, రాత్రి నిశ్శబ్దం ఉంటే ఓపెన్ తీసుకోండి, ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500, ఆ 560ఎస్ లాంటివి. అదే గదిలో ఎవరైనా నిద్రపోతుంటే, లేదా నెత్తి మీద ఫ్యాన్ పెద్దగా తిరుగుతుంటే క్లోజ్డ్ తప్పదు, ఫ్యాన్ హోరులో దూరపు అడుగులు కొట్టుకుపోతాయి, దానికి మీరు వాల్యూమ్ పెంచుతారు, అక్కడ మొదలవుతుంది చెవుల నాశనం.

గేమింగ్ హెడ్‌సెట్ అన్న పేరు చూసి పారిపోనక్కర్లేదు, ఎగబడనూ అక్కర్లేదు. 2014లో వచ్చిన మొదటి హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఎందుకంత హిట్ అయిందంటే అది మూలంలో టాక్‌స్టార్ ప్రో 80 అనే మామూలు స్టూడియో హెడ్‌ఫోన్, దానికి మైక్ తగిలించారు, అంతే. 50 ఎంఎం అన్న అంకె గురించి అస్సలు పట్టించుకోకండి, డ్రైవర్ సైజు బట్టి సౌండ్ బాగుంటుందనుకుంటే ప్లేటు పెద్దదైతే వంట బాగుంటుందనుకున్నట్టే. 40 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది అని రాస్తారు చూడండి, మనిషి చెవి గరిష్ఠంగా 20 కిలోహెర్ట్జ్, అదీ చిన్న వయసులో. ఆ పైన పలికేది గబ్బిలాలకి.

చూడాల్సింది ఫ్రీక్వెన్సీ గ్రాఫ్, అంటే బేస్ నుంచి కీచు దాకా ఏ శబ్దాన్ని ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గీత. హార్మన్ కంపెనీలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ వాళ్ళు 2010ల్లో చాలామంది శ్రోతల్ని కూర్చోబెట్టి బ్రాండ్ కనపడకుండా వినిపించి, ఎక్కువమందికి ఏ రకం సౌండ్ నచ్చుతుందో ఒక గీత గీశారు, హార్మన్ టార్గెట్ అంటే అదే. ఆ గీతకి మీ హెడ్‌ఫోన్ ఎంత దూరంలో ఉందో చూసి ఈక్వలైజర్‌తో (బేస్, కీచు విడివిడిగా పెంచి తగ్గించే సాఫ్ట్‌వేర్) సరిచేసుకోవచ్చు. ఈక్వలైజర్ ఏపీఓ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఆటోఈక్యూ ప్రాజెక్ట్‌లో వందల మోడల్స్‌కి సెట్టింగ్స్ రెడీగా పెట్టారు, మీది వెతుక్కుని దింపుకోవడమే. ప్రీఆంప్ అని మొత్తం సౌండ్‌ని కాస్త తగ్గించే ఒక మైనస్ అంకె ఇస్తారు, అది కూడా పెట్టండి, లేకపోతే గ్రెనేడ్ పేలినప్పుడు సౌండ్ పగిలిపోతుంది. అడుగులు గట్టిగా వినపడాలని 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య విపరీతంగా లేపేసే వీడియోలు చాలా ఉన్నాయి, నేనూ ఒక వారం అలా ఆడా, అడుగులు వినపడ్డాయి నిజమే, వాటితోపాటు తుపాకీ మోతలు మేకులు కొట్టినట్టు దిగాయి, వారం తర్వాత నావల్ల కాక తీసేశా. దానికంటే బేస్ నాలుగైదు డెసిబెల్స్ తగ్గించి చూడండి, పేలుళ్ళ కింద నలిగిపోయే చిన్న చప్పుళ్ళు వాటంతటవే పైకొస్తాయి. ఏ రెండు సెట్టింగ్స్ పోల్చినా వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ఏది కాస్త గట్టిగా ఉంటే అదే బాగుందనిపిస్తుంది, షోరూమ్‌లో టీవీల బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టినట్టే.

ఇప్పుడు డ్యాక్ (డిజిటల్ సౌండ్‌ని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది), ఆంప్ (ఆ సిగ్నల్‌కి బలం పెంచేది). ఇక్కడ నేను డబ్బులు తగలేశా, దాచుకోవడం ఎందుకు. ఇంపీడెన్స్ (హెడ్‌ఫోన్ కరెంటుకి పెట్టే అడ్డు, ఓమ్స్‌లో చెప్తారు) ఎక్కువైతే ఆంప్ కావాలి అని ఎక్కడో చదివి, నాకున్నది 32 ఓమ్స్ హెడ్‌ఫోన్ అయినా కూడా భవిష్యత్తులో పనికొస్తుందని పెద్ద ఆంప్ ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టా, దాని వాల్యూమ్ గుండీ గడియారంలో తొమ్మిది అంకె ఉండే చోటికి తిప్పితేనే చెవులు పగిలేవి, అంతకు మించి ఏనాడూ తిప్పలేదు. ఓమ్స్ ఒక్కటే చూస్తే సరిపోదు, సెన్సిటివిటీ కూడా చూడాలి, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందో. హైఫైమ్యాన్ హెచ్ఈ-6 అని ఉంది, 50 ఓమ్సే, కానీ సెన్సిటివిటీ 83.5 డెసిబెల్స్, మామూలు గేమింగ్ హెడ్‌సెట్ 98 దాకా ఉంటుంది, ఆ తేడా పూడ్చడానికి పాతిక రెట్లకి పైగా పవర్ కావాలి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అయితే అదే మోడల్ 32, 80, 250 ఓమ్స్‌లలో వస్తుంది, పీసీకి నేరుగా పెట్టుకునేవాళ్ళు 250ది తీసుకుని సౌండ్ రావట్లేదని బాధపడతారు. 32 లేదా 80 తీసుకుంటే అసలా గొడవే లేదు.

బయటి డ్యాక్ నిజంగా పనికొచ్చేది సౌండ్ క్వాలిటీకి కాదు, చెత్త శబ్దాలకి. హెడ్‌ఫోన్ కేబినెట్ ముందున్న జాక్‌లో పెట్టి, ఏమీ ప్లే చేయకుండా మౌస్ స్క్రోల్ చేయండి. సన్నగా జిర్ జిర్ అని వస్తోందా? గేమ్ మెనూలో ఉన్నప్పుడు ఈగ తిరిగినట్టు కీ అంటూ, ఎఫ్‌పీఎస్ (సెకనుకి గేమ్ చూపే బొమ్మల లెక్క) మారినప్పుడల్లా దాని స్వరం కూడా మారుతోందా? ముందు జాక్ నుంచి మదర్‌బోర్డ్ దాకా సన్న వైరు గ్రాఫిక్స్ కార్డ్ పక్కనుంచి పాక్కుంటూ వెళ్తుంది, అది దారిలో ఉన్న గోలనంతా పట్టుకొస్తుంది. ఫస్ట్ వెనకున్న జాక్‌కి మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో పోతుంది, ఖర్చు సున్నా. అప్పటికీ పోకపోతే చిన్న యూఎస్‌బీ డ్యాక్ చాలు, ఆపిల్ వాళ్ళు ఫోన్లకి అమ్మే వేలంత యూఎస్‌బీ-సీ డాంగిల్ కూడా పీసీకి పెట్టుకోవచ్చు, దాన్ని పరికరాలతో కొలిచినవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. నా పెద్ద ఆంప్ ఇప్పుడు మానిటర్ కింద స్టాండ్‌గా పనిచేస్తోంది, ఎత్తు కరెక్ట్‌గా సరిపోయింది.

వైర్‌లెస్ కావాలంటే బ్లూటూత్ కాకుండా 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో (పీసీ యూఎస్‌బీకి పెట్టే చిన్న రిసీవర్) వచ్చేవి తీసుకోండి. మామూలు బ్లూటూత్‌లో సౌండ్ 150, 200 మిల్లీసెకన్లు వెనకబడుతుంది, సినిమాకి ప్లేయర్ సర్దుకుంటుంది, గేమ్‌కి ఎవరు సర్దుతారు? దానికంటే ఘోరం మైక్. ఇయర్‌బడ్స్ పెట్టుకుని గేమ్ బ్రహ్మాండంగా వింటూ ఉంటారు, డిస్కార్డ్‌లో (ఆడుతూ మాట్లాడుకునే యాప్) వాయిస్ ఛానెల్‌లోకి అడుగుపెట్టిన మరుక్షణం సౌండ్ మొత్తం పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా అయిపోతుంది. పాడవలేదు, కంగారు పడకండి. మైక్ ఆన్ అవ్వగానే బ్లూటూత్ కాల్స్ మోడ్‌లోకి మారిపోతుంది, అందులో రెండు చెవులకీ ఒకటే మోనో సౌండ్, శాంప్లింగ్ 8 లేదా 16 కిలోహెర్ట్జ్. దిశ లేదు ఏమీ లేదు. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో ఈ బాధ ఉండదు, కానీ దానికో వింత జబ్బుంది, యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటిలో పెట్టిన హార్డ్ డిస్కులు సరిగ్గా ఆ 2.4 దగ్గరే రేడియో గోల పుట్టిస్తాయి, ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద పేపర్ రాశారు. నా ఫ్రెండ్ ఒకడికి హెడ్‌సెట్ టక్కు టక్కున తెగుతుంటే రెండుసార్లు సర్వీస్‌కి పంపాడు, చివరికి డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో కేబినెట్ వెనక నుంచి టేబుల్ మీదికి లాగితే ఆగిపోయింది.

మైక్ మీకోసం కాదు, అవతలివాళ్ళ కోసం, అందుకే అందరూ దాన్ని ఆఖర్న చూస్తారు. ముందు జాక్ గొడవ: ఫోన్ టైప్ హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, అంటే మైక్ కూడా అందులోనే ఉంది. పీసీ వెనక హెడ్‌ఫోన్‌కీ మైక్‌కీ విడివిడి రంధ్రాలు. నేరుగా పెడితే సౌండ్ వస్తుంది, మైక్ పనిచేయదు, ఒకటి రెండుగా చీలే స్ప్లిటర్ వైరు కావాలి. ఈ చిన్న వైరు లేక మైక్ పోయిందని హెడ్‌సెట్లు వాపసు ఇచ్చినవాళ్ళున్నారు. విడి మైక్ కొన్నా మొదటి సూత్రం దూరం, మైక్‌ని నోటికి సగం దూరానికి తెస్తే మీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, కీబోర్డ్ చప్పుడు అలాగే ఉంటుంది. చాలామంది పెద్ద కండెన్సర్ మైక్ కొని మానిటర్ పక్కన రెండడుగుల దూరంలో అలంకారంగా పెడతారు, దాంతో ఫ్యాన్, కీబోర్డ్, వీధిలో హారన్ అన్నీ పోను మిగిలితే ఆయన గొంతు. కార్డియాయిడ్ మైక్ (ముందువైపుదే బాగా పట్టేది) వీపు కీబోర్డ్ వైపు ఉండేలా తిప్పండి, అటువైపు దానికి సరిగా వినపడదు. మిగతా చప్పుళ్ళు వడకట్టడం డిస్కార్డ్‌లోని క్రిస్ప్ గానీ ఎన్విడియా బ్రాడ్‌కాస్ట్ గానీ చూసుకుంటాయి. ఇంకోటి, క్లోజ్డ్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మన గొంతు మనకి వినపడక అరుస్తాం. సైడ్‌టోన్ అని ఉంటుంది, మీ మైక్‌లోది కొంచెం మీ చెవిలో వేస్తుంది, అది ఆన్ చేసిన రోజు నుంచి అమ్మ "ఎవరితో రా పోట్లాట?" అని అడగడం మానేసింది.

స్పీకర్లతో ఆడే వాళ్ళకి చెప్పేది పెద్దగా లేదు. రెండు స్పీకర్లూ మీ తలా కలిపి సమబాహు త్రిభుజం, ట్వీటర్లు (కీచు శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు) చెవుల ఎత్తులో, అంతే, కథ నడిచే గేమ్స్‌కి అదిరిపోతుంది, పోటీ గేమ్స్‌కి పనికిరాదు. స్పీకర్లకి మారినప్పుడు గేమ్‌లో హెచ్ఆర్‌టీఎఫ్ ఆపడం మర్చిపోకండి, అది హెడ్‌ఫోన్స్ కోసమే.

వాల్యూమ్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం అయిపోతుంది, అంటే 89 దగ్గరికి వచ్చేసరికి వారానికి 5 గంటలే. శనాదివారాలు ఆడేది ఎన్ని గంటలో మీకే తెలుసు. ఒకసారి రాత్రంతా ఆడి హెడ్‌ఫోన్ తీస్తే గదిలో ఏమీ మోగకపోయినా చెవిలో సన్నగా గీ అని మోగుతూనే ఉంది, తెల్లారేదాకా ఆగలేదు, ఆ రోజు పట్టిన భయం ఇంకా ఉంది. విండోస్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అని ఉంటుంది, చిన్న శబ్దాల్ని పెంచి పెద్దవాటిని తగ్గిస్తుంది, దూరం అంచనా కొంచెం దెబ్బతింటుంది, అయినా రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో ఆడేటప్పుడు నేనది వాడతా.

చివరికి నేను కొన్నది ఒక ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్, విడిగా క్లిప్ మైక్ ఒకటి. లైట్ల హెడ్‌సెట్ తమ్ముడికిచ్చేశా, వాడు పొట్టు రాలిన ప్యాడ్స్ పీకేసి కొత్తవి వేసుకున్నాడు, లైట్లు ఆపేశాడు, సాఫ్ట్‌వేర్ అసలు ఇన్‌స్టాలే చేయలేదు. మొన్న ఇద్దరం ఎదురెదురు టీమ్స్‌లో పడ్డాం. నేను గోడ పక్కన కదలకుండా నిలబడి ఒక్కసారి గన్ మార్చా, ఒకే ఒక్కసారి, క్లిక్‌మని. గోడ అవతల నుంచి అక్కడికే కాల్చాడు. పక్క గదిలోంచి వాడి నవ్వు నా ఓపెన్ బ్యాక్‌లోంచి నేరుగా వినపడింది.